ఎల్‌వుడ్ చుక్కలు

వెర్నా టెర్‌విలిగర్ పక్క బల్ల దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా కూర్చున్నదాన్ని నేను. ఆవిడ గురించి ఎవరు మొదలుపెట్టినా "పాపం, చూపు లేదు కదా" అనే మొదలుపెడతారు. పాపమట, పాపం! ఆవిడతో మాటకు మాట దిగి గెలిచినవాణ్ణి ఒక్కణ్ణి తీసుకురండి, వాడికి ప్రతి శుక్రవారం నేనే గుడ్డూ క్యాప్సికం వేయించి రొట్టెలో పెట్టి తెచ్చిస్తాను. నా పేరు ఫిలోమినా. ఆఫీసులో అందరికీ ఫిలోని. నోరు పెద్దదని పేరుంది, అది అబద్ధమేం కాదు.

నది ఒడ్డునున్న మా పొకీప్సీ ఊళ్ళో సగంమంది కంపెనీ జీతం తిన్నవాళ్ళు, మిగతా సగం వాళ్ళకి పిల్లనిచ్చుకున్నవాళ్ళు. గది నిండా పట్టే పెద్ద కంప్యూటర్లు చేసే కంపెనీ మాది. బ్యాంకులూ రైళ్ళూ పింఛన్లూ వాటి మీదే నడుస్తాయి. కొత్త యంత్రం తయారైనప్పుడల్లా అదెంత వేగంగా పరిగెడుతుందో చూసి మురిసిపోయేవాళ్ళు వేరే ఉండేవారు. మా లాబ్ పని మాత్రం పాత ప్రోగ్రాముల మంచిచెడ్డలు చూసుకోవడం.

ఎప్పుడో ఎవడో రాసిన ప్రోగ్రాం ఉంటుంది. రాసినవాడు పోయాడో, ఫ్లోరిడాలో చేపలు పట్టుకుంటున్నాడో ఎవరికీ తెలీదు. అది మాత్రం ఎక్కడో ఏ ఊళ్ళోనో రోజూ తెల్లారేసరికి ఎవరి పింఛనో లెక్కగట్టి పెడుతుంటుంది. కొత్త యంత్రం మీదికెక్కినా అది నిన్న నడిచినట్టే నడవాలి. మా లాబ్‌లో దీనికొక కట్టడి ఉంది. పాతది ఆగిందా, తప్పు కొత్తదానిదే. పాతదాన్ని ముట్టుకోకూడదు, యంత్రాన్నే సరిచెయ్యాలి. ఎవరి కొత్త పనివల్ల పాతది ఆగిందో వాళ్ళు మర్నాడు అందరికీ డోనట్లు తేవాలి. ఆ వంక పెట్టుకుని మేం తిన్న డోనట్లకి మా నడుములే సాక్ష్యం.

ప్రోగ్రాం చచ్చిపోతే, ఆఖరి క్షణంలో దాని లోపల ఏమేమున్నాయో యంత్రం కాయితాల మీద అచ్చేసి పడేస్తుంది. మేం డంపు అంటాం. పంచనామా అనుకోండి. పేజీల కొద్దీ అంకెలే. అది చదివి, ప్రాణం ఎక్కడ పోయిందో చెప్పడం వెర్నా ఉద్యోగం. కళ్ళున్న మేము తెర మీద చదివేవాళ్ళం. ఆవిడ బ్రెయిలీలో, వేళ్ళతో చదివేది. ఆ బ్రెయిలీ అచ్చేసే ప్రోగ్రాం రాసింది ఆవిడ మొగుడు ఎల్‌వుడ్.

వెర్నా పుట్టింది నదికి అవతల, న్యూపాల్ట్జ్ దగ్గర యాపిల్ తోటల్లో. పుట్టుకతోనే చూపు లేదు. "మా నాన్న నన్ను ఇంట్లో కూచోబెట్టలేదే, పళ్ళ షెడ్డులో కూచోబెట్టాడు," అనేది. దెబ్బ తగిలిన కాయ తొక్క మీద ఏమీ కనిపించక ముందే ఆవిడ వేలికి మెత్తగా తగిలేదట. తర్వాత బటేవియాలో చూపులేని పిల్లల బడి. అక్కణ్ణించి కంపెనీ. వాళ్ళు అప్పట్లో చూపులేనివాళ్ళని కొద్దిమందిని ప్రోగ్రాములు రాయడానికి తీసుకున్నారు. రాయడం వరకు బాగానే ఉండేది. డంపు వచ్చినప్పుడు మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చుని అంకెలు చదివి వినిపించాలి. చదివేవాడు ఆవలించాడా, ఒక అంకె ఎగిరిపోయినట్టే.

ఎల్‌వుడ్ ప్రింటర్ల గదిలో ఆపరేటర్. పొడుగాటి మనిషి, మాటలు తక్కువ. ఒకరోజు డంపు చదివి వినిపించడానికి ఆయన్ని పంపారు. మధ్యాహ్నం దాకా చదివి చదివి గొంతు పోయింది. మర్నాడు మెయిన్ వీధిలో కుట్టుసామాన్ల కొట్టుకెళ్ళి వెడల్పాటి ఎలాస్టిక్ అడిగాడట. లంగాల్లోకి వేసేది. "ఇంట్లో ఎవరికయ్యా?" అని కొట్టామె అడిగితే "ప్రింటర్‌కి" అన్నాడట, ముఖం కందగడ్డ చేసుకుని. ఆ పట్టీని ప్రింటర్‌లో కాయితాన్ని వెనకనించి అక్షరాల మీదికి కొట్టే సుత్తులకీ కాయితానికీ మధ్య బిగించాడు. చుక్క మాత్రమే అచ్చేయిస్తే, వెనక మెత్తగా ఉంది కాబట్టి కాయితం గుంటపడి, వెనకవైపు చిన్న బొడిపె లేస్తుంది. అదే బ్రెయిలీ చుక్క. ఎంత సంబరమో! పేజీ చింపుకుని పరిగెత్తుకొచ్చాడు. వెర్నా వేళ్ళు పెట్టి చూసి, "ఇదే భాషయ్యా, చైనా వాళ్ళదా?" అంది. బొడిపెలు వెనకవైపు లేస్తాయి కదా, కాయితం తిప్పితే కుడి ఎడమా తారుమారు. ఆ సంగతి మహానుభావుడికి తట్టలేదు. ఇంటికెళ్ళి వారం రోజులు తలకిందులుగా ఆలోచించి, అద్దంలో రాసినట్టు వెనక్కి అచ్చేసే ప్రోగ్రాం రాసుకొచ్చాడు. ఈసారి వెర్నా పేజీ పై నుంచి కింద దాకా నోరెత్తకుండా చదివింది. చదివి ఏడ్చింది. తర్వాతి ఎండాకాలం పెళ్ళి చేసుకున్నారు.

పిల్లల్లేరు. ఎప్పుడూ కలిసే వచ్చేవారు, కలిసే పోయేవారు. తర్వాత కొత్త రకం ప్రింటర్లు వచ్చినా మా లాబ్‌లో ఆ పాతదాన్ని ఎల్‌వుడ్డే నూనె పోసి, ఎలాస్టిక్ మార్చి బతికించుకొచ్చాడు. ఒక చలికాలం ఇంటిముందు మంచు తోస్తూ తోస్తూ పార పట్టుకునే కూలబడిపోయాడు. వెర్నా వారం తర్వాత పనిలోకొచ్చింది. ప్రింటర్ నుంచి వచ్చిన మొదటి పేజీ మీద అరచెయ్యి ఆనించి, చదవకుండా అలాగే కాసేపు కూర్చుంది. నేను కాఫీ వంకన బయటికెళ్ళిపోయాను. నాకు దుఃఖం ఆగలేదు.

ఆయన పోయిన నాలుగేళ్ళకి, వసంతంలో రిజిస్టర్ల గొడవొచ్చింది.

రిజిస్టరంటే బళ్ళో హాజరు పట్టీ కాదు. యంత్రం లెక్క చేసేటప్పుడు చేతికందేలా పెట్టుకునే చిన్న చిన్న గిన్నెలవి. ఒక్కోటి ఎనిమిది అంకెలు పట్టేది. మా వాళ్ళు గిన్నెని రెట్టింపు చేసి పదహారు అంకెలు పట్టేలా చేశారు. పాత ప్రోగ్రాములకి ఏమీ కాకూడదు కాబట్టి ఒక ఏర్పాటు చేశారు. పాతది వచ్చి ఎప్పట్లాగే ఎనిమిది అంకెలు పోస్తే అవి కింది సగంలో పడతాయి, పై సగం కదలదు. పై సగమొకటి ఉందని పాతదానికి తెలియను కూడా తెలియదు. తెలియక్కర్లేదు కూడా. మంచి ఏర్పాటే, నేనే మెచ్చుకున్నాను.

అలా మెచ్చుకున్న వారంలోనే కొత్త యంత్రం మీద ఎల్‌వుడ్ ప్రోగ్రాం ఆగిపోయింది. పంచనామా రాసేవాడే చచ్చి కూర్చున్నాడు.

మా మేనేజర్ కర్ట్ మంచివాడే. మెత్తగా మాట్లాడతాడు. అదే నాకు గిట్టదు, తిట్టడానికి సందివ్వడు. కుర్చీ లాక్కుని వెర్నా దగ్గర కూర్చున్నాడు.

"వెర్నా గారూ, ఈ నెలాఖరుకి పాత యంత్రం తీసేస్తున్నాం. ఇకనించి డంపులన్నీ కొత్తదాని మీదే. మీ కోసం కొన్న బ్రెయిలీ పెట్టె ఉంది కదా, దాంతో చదువుకోగలరేమో చూడండి."

ఆ పెట్టె ఒక్క వరస చూపిస్తుంది. మీట నొక్కితే ఇంకో వరస. పిన్నులు కటకటమని లేస్తాయి, పడతాయి. వెర్నా దాన్ని 'పళ్ళ సెట్టు' అనేది.

"ఒక్కో వరసే చూసి డంపు చదవమంటావా నాయనా? గుడ్డివాళ్ళు ఏనుగును తడిమారని సామెత చెప్తారే, అది నాచేత నిజం చేయిస్తావా? నాకు పేజీ పరిచి ఉండాలి. ఈ మూల అంకెకీ ఆ మూల అంకెకీ మధ్య చెయ్యి తిరగాలి."

"అది కుదరకపోతే..." కర్ట్ నేల చూశాడు. "టెలిఫోన్ల దగ్గర చోటుంది. లేదా రిటైరవుతానంటే గౌరవంగా, పెద్ద కేకు కోసి..."

"కేకా!" అన్నాను నేను. "మనిషిని పీకేసి కేకు పెడతావా?"

"ఫిలో, నువ్వాగు," అంది వెర్నా. గొంతు మామూలుగానే ఉంది. చేతులే ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ముప్పై ఏళ్ళు చదివిన మనిషిని ఫోనెత్తి "ఎవరు కావాలండీ" అనమంటున్నారు. దానికన్నా ఇంట్లో కూర్చోవడమే నయమని ఆవిడ అనుకుంటోందని నాకు తెలుసు. ఇంట్లో ఎవరున్నారు గనక?

కర్ట్ వెళ్ళాక నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"నాకియ్యి ఆ ప్రోగ్రాం. ఆయన మొదట రాసుకున్న మూల కాగితాలు లేకపోతే మానె, యంత్రభాష మీదే నాలుగు చోట్ల కెలికి నడిపించేస్తాను."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను."

"ఒసేయ్, నీ ఉద్యోగం పోతోందే!"

"మన కట్టడేమిటి? పాతది ఆగితే తప్పెవరిది? ఊళ్ళోవాళ్ళ ప్రోగ్రాములకో ధర్మం, నా మొగుడి ప్రోగ్రాంకో ధర్మమా? పోయి ఆ కర్ట్‌ని యంత్రం చూసుకోమను."

నాకు ఒళ్ళు మండింది గానీ, ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది? కర్ట్ దగ్గరికెళ్ళి అదే అడిగాను. ఆయన తల గోక్కున్నాడు.

"కట్టడి కస్టమర్ల ప్రోగ్రాములకి, ఫిలో. ఇది ఆవిడ సొంతానిది. యంత్రం బయటికి పోయే రోజు దగ్గరపడింది, మనుషుల్ని దేనికని కేటాయించను? బయట ఒక్క కస్టమర్, ఒక్కడంటే ఒక్కడు దీన్ని వాడుతున్నాడని చూపించండి. ఈ పూటే పని మొదలెట్టిస్తా."

లంగా ఎలాస్టిక్ కట్టుకుని డంపులు అచ్చేసేవాడు బయట ఇంకెవడుంటాడు? అయినా నేను ఊరుకునే రకాన్ని కాదు కదా. దేశంలో మా యంత్రాలు బాగుచేస్తూ తిరిగేవాళ్ళ ఆఫీసులన్నిటికీ ఫోన్లు చేశాను. "మీ దగ్గర ఎవరైనా ప్రింటర్‌లో ఎలాస్టిక్ పెట్టుకుంటారా?" అని అడిగితే, ఒకడు "మేడమ్, పొద్దున్నే తాగారా?" అన్నాడు. వాడి పేరు నాకింకా గుర్తుంది.

మూడో రోజు నెబ్రాస్కా నుంచి ఫోనొచ్చింది. పంటల బీమా ఆఫీసులో పనిచేస్తాడట, పేరు లైల్ సెడ్లాచెక్.

"ఎలాస్టిక్ గురించి అడుగుతున్నది మీరేనా?" అన్నాడు. "నాకు చూపు లేదండీ. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ చుక్కలతోనే డంపులు చదువుతున్నాను. మాది కూడా ఆ పాత ప్రింటరే. టెర్‌విలిగర్ గారు టేపు మీద ప్రోగ్రాం పంపించి, కవర్లో పట్టీ కూడా పెట్టేవారు. నాలుగేళ్ళ నుంచి పట్టీ రావట్లేదు. ఆయనకి నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను."

నేను రిసీవర్ వెర్నా చేతిలో పెట్టాను.

"ఎల్‌వుడ్ పోయాడు బాబూ," అంది వెర్నా. "నేను ఆయన భార్యని." అతనేదో చెప్తూ పోయాడు, వెర్నా వింటూ పోయింది. కాసేపటికి నవ్వడం మొదలెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"దొంగ మనిషి!" అంది ఫోన్ పెట్టేసి. "నాకు తెలియకుండా ఊరూరా ఎలాస్టిక్ పంచాడటే! ఇతనికి, టెన్నెసీలో ఒకావిడకి, కెనడాలో ఇంకెవరికో. ఇంట్లో మాత్రం నోట్లోంచి ముత్యాలు రాలతాయన్నట్టు కూచునేవాడు. ఈ లైల్‌కి ఉద్యోగం దొరకడమే ఆ చుక్కలవల్లనట."

"నీకెందుకు చెప్పలేదో?"

"చెప్తే మెచ్చుకుంటానని భయం. మెచ్చుకుంటే ఎటు చూడాలో తెలిసేది కాదు ఆయనకి."

లైల్ వాళ్ళ ఆఫీసు కూడా ఎండాకాలంలో కొత్త యంత్రం కొంటోంది. అంటే అచ్చమైన కస్టమర్. కర్ట్ మాట తప్పలేదు. ఆ పూటే ఇద్దర్ని కూర్చోబెట్టాడు, తనూ కూర్చున్నాడు. నేను ఓ పక్క, వెర్నా ఓ పక్క. రెండు రోజులు అందరం కలిసి వెతికితే దొరికింది.

ఎలాగంటే, ఒక వంటింట్లో ముగ్గురు మనుషులున్నారనుకోండి. కొత్త కోడలు పై అరలో ఏదో దాచుకుని, పనికి బామ్మని పిలిచింది. బామ్మకి పై అర అందదు. కింది అర వాడుకుని, మళ్ళీ ఎలా ఉన్నది అలా సర్దిపెడుతుంది. ఆ బామ్మ మధ్యలో సాయానికి ఇంకో కొత్త పిల్లని పిలిచింది. ఆ పిల్ల పై అరంతా కెలికేసి, సర్దకుండా పోయింది. కోడలు వచ్చి చూసుకుంటే దాచింది లేదు, ఇల్లు పీకి పందిరేసింది. బామ్మని తిట్టి లాభమేముంది? కెలికినవాళ్ళే సర్దాలి. ఇక్కడ కోడలు డంపు తియ్యమని పిలిచిన కొత్త ప్రోగ్రాం, బామ్మ ఎల్‌వుడ్ ప్రోగ్రాం. సర్దకుండా పోయిన పిల్ల కాయితం మీద అచ్చేసే కొత్త ముక్క. దాన్ని రాసింది కర్ట్ సొంత జట్టే! ఆ ముక్క ఇకనించి రిజిస్టర్ల పై సగం వాడుకునే ముందు దాచి, పోయేటప్పుడు తిరిగి పెట్టాలని సరిచేశారు. ఎల్‌వుడ్ ప్రోగ్రాంలో ఒక్క చుక్క కూడా ఎవరూ కదపలేదు. మర్నాడు కర్ట్ డోనట్ల పెట్టె మోసుకుంటూ వచ్చాడు. నేను చప్పట్లు కొట్టాను.

పాత ప్రింటర్ దడదడలాడుతూ కొత్త యంత్రం డంపు అచ్చేసింది. నేను పేజీలు చింపి తిప్పి వెర్నా ముందు పరిచాను. ఆవిడ వేళ్ళు పరిగెత్తాయి. ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్ళాయి. మళ్ళీ అక్కడే ఆగాయి.

"ఫిలో, తెర మీద అయిదో రిజిస్టర్‌లో ఏముందో చదువు."

చదివాను. పదహారు అంకెలు. సగంలోనే నాకు అర్థమైంది. వెర్నా వేలి కింద ఎనిమిదే ఉన్నాయి.

అవును మరి. ఎల్‌వుడ్ ప్రోగ్రాం నిన్నటిలాగే నడిచింది. నిన్నటిలాగే ఎనిమిది అంకెలే చూసింది, ఎనిమిదే అచ్చేసింది. మా కట్టడి దాన్ని చక్కగా కాపాడింది. కానీ కొత్త ప్రోగ్రాములు చస్తే వాటి గుట్టు చాలాసార్లు పై సగంలోనే ఉంటుంది. అది వెర్నా చేతికి ఎన్నటికీ అందదు.

కర్ట్ చేతిలో డోనట్ అలాగే ఉండిపోయింది. వెర్నా కాయితాలు మడిచి, సంచిలో పెట్టుకుని, "నాకు తలనొప్పిగా ఉంది, ఇంటికి పోతాను," అంది. అన్నేళ్ళలో ఆవిడ తలనొప్పి పేరెత్తడం నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. వంటింటి బల్ల మీద ఆ డంపు పరిచి ఉంది. వెర్నా దాని ముందు కూర్చుని ఉంది. కాఫీ పెట్టుకుందామన్న ధ్యాస కూడా లేదు. నేనే పెట్టాను.

"తీసి పారెయ్యవే దాన్ని," అన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. "నువ్వు మాత్రం ప్రోగ్రాములు రాయలేవా? పదహారు అంకెలు అచ్చేసేది కొత్తది రాసుకో. నేను సాయం పడతాను."

"రాయగలను."

"మరి?"

వెర్నా కాయితం అంచు నిమిరింది. తర్వాత అంది:

"ఆయన ఫోటోలు ఉన్నాయట గోడ మీద. మీరంతా చూస్తారు, బాగున్నాడంటారు. నాకవి చల్లటి గాజు. చొక్కాలకి వాసన పోయింది. గొంతు కూడా మెల్లిగా మర్చిపోతున్నానే ఫిలో, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఈ పేజీ ఒక్కటే. చుక్క ఎంత ఎత్తులో లేవాలో, అంచు ఎంత వదలాలో, అన్నీ నా వేళ్ళకి కొలిచి పెట్టాడు. పొద్దున్నే దీని మీద చెయ్యి వేస్తే, ఆయన వచ్చి కూచున్నట్టే. దీన్ని తీసేస్తే ఇంకోసారి మట్టిచ్చినట్టు. తియ్యకపోతే ఉద్యోగం పోతుంది, అప్పుడూ చదవడానికి పేజీలు ఉండవు. ఎటు చూసినా పోయేది ఆయనే."

నా నోరు మూతపడింది. లేచి ఆవిడ తల నా పొట్టకి ఆనించుకున్నాను. ఇద్దరం ఏడ్చాం. కాఫీ పొంగి పొయ్యి మీద పడింది, దాని మొహం, పడనీ అనుకున్నాను.

కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి పేజీ వైపు చూశాను.

"ఈ మనిషి కాయితం తగలేసేవాడే," అన్నాను. "రిజిస్టర్ల దగ్గర ప్రతి వరస పైనా ఒక వరస ఖాళీగా వదిలేశాడేంటి?"

"మొదట్లో వరసలు దగ్గరదగ్గరగా ఉండేవి. నా వేలు కింది వరసలోంచి పైదాన్లోకి జారిపోయేది. విసుక్కునేదాన్ని. ఒకరోజు చూస్తే మధ్యలో చోటు. నేనడగలేదు, ఆయన చెప్పలేదు. మంచం మీదా అంతే, నేను దొర్లితే మారు మాట్లాడకుండా..."

వెర్నా ఆగిపోయింది. వేలు ఖాళీ వరస మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి గీసింది. మళ్ళీ గీసింది.

"ఫిలో. ఈ ఖాళీ వరస కూడా ఆయన ప్రోగ్రాం నుంచి ప్రింటర్‌కి పోతుంది కదే. ఏమీ లేని వరసగా, కానీ పోతుంది."

"పోతుంది. అయితే?"

"ఆయనకీ ప్రింటర్‌కీ మధ్య నేను నిలబడితే? ఆయన అంకెలు వచ్చినప్పుడు పక్కకి తప్పుకుని పోనిస్తాను. ఖాళీ వరస వచ్చినప్పుడు మాత్రం, అది తీసుకుని దాన్లో పై సగం నేను రాసి పంపిస్తాను. ఆయన్ని ముట్టుకోనక్కర్లేదు. ఆయనకి తెలియనే తెలియదు."

నేను నోరు తెరిచి మూశాను. నా నోరు అలా ఊరికే మూతపడ్డం ఆ రోజుకది రెండోసారి.

"వరసలు మళ్ళీ దగ్గరయిపోతాయే. వేలు జారదూ?"

"అప్పుడు పాతికేళ్ళదాన్ని, కంగారెక్కువ. ఇప్పుడెందుకు జారుతుంది?" అంది. "లే, ఆ పొయ్యి తుడిచి ఇంకోసారి కాఫీ పెట్టు. నీ కాఫీ ఎప్పుడూ పొంగబెడతావు."

వారమంతా రాసింది. ఓ ఖాళీ గదిలో తలుపు వేసుకుని, ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నన్ను కూడా! నేను అటూ ఇటూ తిరిగి, కర్ట్ మీద రెండుసార్లు ఊరికే అరిచాను. పాత యంత్రం తీగలు పీకేవాళ్ళు వచ్చి హాల్లో కూర్చుంటే, ఆయనే వాళ్ళని "సోమవారం రండి" అని వెనక్కి పంపేశాడు. ఆ ఒక్క పనికి నేను ఆయనకి సగం తిట్లు తగ్గించాను.

శుక్రవారం పొద్దున వెర్నా తలుపు తీసుకుని వచ్చి, "ఏదైనా చచ్చిన ప్రోగ్రాం తెచ్చి పెట్టండి," అంది. మాకు వాటికేం కొదవ? కర్ట్ ఒకదాన్ని కొత్త యంత్రం మీద చంపి డంపు తీయించాడు. ప్రింటర్ మొదలైంది. చప్పుడులో తేడా నా చెవికే తెలిసింది. ఇదివరకు వరసకీ వరసకీ మధ్య చిన్న ఊపిరి తీసుకునేది, ఇప్పుడు ఆగకుండా కొట్టింది.

పేజీ చింపి, తిప్పి, ఆవిడ ముందు పరిచాను. కర్ట్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

వెర్నా ఒక వేలు పై వరస మీద పెట్టింది, ఇంకో వేలు కింది వరస మీద. రెండు వేళ్ళూ పక్కపక్కన మెల్లగా నడిపించుకుంటూ అయిదో రిజిస్టర్ దాకా వెళ్ళింది. పై వరసలో ఎనిమిది అంకెలు బయటికి చదివింది. ఆగి, కింది వరసలో ఎల్‌వుడ్ ఎనిమిదీ చదివింది.

"తెర చూడవే. సరిపోయిందా?"

నేను కళ్ళు తుడుచుకుని చూడాల్సొచ్చింది. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా వేలు పెట్టి చూశాను.

"సరిపోయిందే వెర్నా. పదహారూ సరిపోయాయి."

ఆవిడ చేతులు తియ్యలేదు. రెండు వరసల మీదా అరచేతులు రెండూ ఆనించి అలాగే ఉంచింది.

"నాలుగేళ్ళయింది," అంది, "మేమిద్దరం కలిసి ఒక్క మాట చెప్పి."